కబుర్లక్కయ్య గొంతు

ఆమె గొంతు వినని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. మొహం చూసి గుర్తుపట్టేవాళ్ళు మాత్రం పట్టుమని పదిమంది ఉండరు. కూరగాయల కొట్టు దగ్గర నిలబడి "అరకిలో బంగాళాదుంపలు" అంటే చాలు, తక్కెడ పట్టుకున్న మనిషి చెయ్యి ఆగిపోయేది. "మీరు కబుర్లక్కయ్య కదండీ?" అని అడిగేవాడు. ఆమె నవ్వేది. ఆ నవ్వు వినగానే మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయేది.

రేడియోలో ఆమె కార్యక్రమం పేరే అది. వారానికోసారి ఒక వింత కబురు. ఆహారాన్ని రేకుడబ్బాల్లో దాచడం కనిపెట్టిన ఎన్నో ఏళ్ళకి గానీ ఆ డబ్బా మూత కోసే పరికరం ఎవరికీ తట్టలేదనీ, అంతవరకూ జనం ఉలీ సుత్తీ పట్టుకుని డబ్బాలతో కుస్తీ పట్టారనీ చెబితే, వంటింట్లో పనిచేసుకునే ఆడవాళ్ళు గరిటె పక్కన పెట్టి నవ్వుకున్నారు. రబ్బరు ముక్క రాకముందు పెన్సిలు గీతల్ని రొట్టె ముక్కతో చెరిపేవారని చెప్పిన వారం బడిపిల్లలు చాలామంది రొట్టెలు పాడుచేశారు. చరిత్రయినా, సైన్సయినా, సినిమా సంగతయినా ఆమె నోట పడితే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుండేది.

ఆమెకి ఒక పట్టుదల ఉండేది. రెండు చోట్ల దొరకని సంగతిని నోట్లోంచి రానిచ్చేది కాదు. ఒకసారి మొట్టమొదట అంతరిక్షంలో భూమి చుట్టూ తిరిగిన కుక్క గురించి చెప్పింది. పైన కొన్ని రోజులపాటు బతికిందని ఎక్కడ చూసినా రాసి ఉంటే అలాగే చెప్పింది. తరవాత ఎప్పుడో అసలు సంగతి బయటికొచ్చింది. పాపం, ఆ కుక్క వేడికి తట్టుకోలేక కొద్ది గంటల్లోనే పోయిందట. ఆ వారం కొత్త కబురు మానేసి, "నేను మీకు తప్పు చెప్పాను. ఆ మూగజీవి బతికుందని మనల్ని మనం ఊరడించుకున్నాం, అంతే" అని చెప్పింది. అలా చెబితే పరువు పోతుందని స్టేషన్ మేనేజరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. పోలేదు సరికదా, జనానికి ఆమె మీద గురి ఇంకా పెరిగింది.

అన్ని కబుర్లు చెప్పిన ఆ మనిషి ఒక్క కబురు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఊళ్ళోనే కాలిపోయిన సినిమా హాలు కబురు అది.

ఆ హాల్లో ఆమె తండ్రి ఆపరేటరు. గోడకున్న చిన్న కిటికీలోంచి బొమ్మని తెరమీదికి వదిలే ఉద్యోగం. ఒక్కో సినిమానీ వందలసార్లు చూసేవాడు. అద్దం అవతల మాటలు సరిగ్గా వినబడేవి కావు కాబట్టి సంభాషణలు తనే కల్పించుకుని ఇంటికొచ్చి ఇద్దరు కూతుళ్ళకీ చెప్పేవాడు. తెరమీద బండి ముందుకి పోతుంటే చక్రం వెనక్కి తిరిగినట్టు ఎందుకు కనిపిస్తుందో, నిలబడ్డ బొమ్మలే వరసగా కదిలితే కన్ను ఎలా మోసపోతుందో పిల్లలకి తెడ్డూ పళ్ళెమూ తిప్పి చూపించేవాడు. పెద్దదానికి కబుర్ల పిచ్చి అక్కడే పట్టింది.

ఒక సాయంత్రం ఆట మధ్యలో తెర వెనక కరెంటు తీగలు అంటుకున్నాయి. ముందుగా చూసింది ఆయనే. తెరమీద పొగ కనిపిస్తే మొదట సినిమాలోదే అనుకున్నాడు. కాదని తెలియగానే మెషీను ఆపి, హాల్లో దీపాలన్నీ వేసి, కేకలు పెడుతూ కిందికి పరుగెత్తాడు. పక్క తలుపులకి తాళాలున్నాయి. టికెట్ లేనివాళ్ళు దూరుతున్నారని ఓనరు వేయించిన తాళాలు. తాళంచెవుల గుత్తి గేటు మనిషి దగ్గర ఉంటుంది. ఆ గేటు మనిషి గుత్తి పట్టుకునే వీధిలోకి పరుగెత్తి పోవడం ఆయన కళ్ళారా చూశాడు. క్యాబిన్‌లోంచి తెచ్చిన ఇనపకడ్డీతో ఒక తలుపు బందులు ఊడగొట్టాడు. తలుపు అప్పటికే కాగిపోయి ఉంది. అరచేతుల చర్మం దానికే అంటుకుపోయింది. చాలామంది ఆ తలుపులోంచే బయటపడ్డారు. కొందరు పడలేకపోయారు.

విచారణ జరిగింది. మంట ఆపరేటరు క్యాబిన్‌లో పుట్టిందని ఓనరు చెప్పాడు. తలుపులు తెరిచే ఉన్నాయనీ, ఆపరేటరు మెషీను వదిలేసి తాగడానికి పోయాడనీ గేటు మనిషి చెప్పాడు. తలుపులకి తాళాలున్నాయని ఆపరేటరు చెప్పాడు గానీ, తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పలేదు. ఆ ఒక్క మాట చెబితే బయటపడేవాడు.

"ఎందుకు చెప్పలేదు?" అని భార్య నిలదీసింది.

"వాడికి పసిపిల్లలున్నారే."

"మనకున్నవి పెద్దపులులా?"

ఆయన లైసెన్సు పోయింది. ఏ హాలువాడూ గుమ్మం ఎక్కనివ్వలేదు. వంకర తిరిగిపోయిన వేళ్ళతో ఇంటి వరండాలో కూర్చుని ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేశాడు. వచ్చినవాళ్ళు వస్తువిచ్చి, గొంతు తగ్గించి, "అదిగో, ఆ రోజు తాగి పడుకున్నది ఈయనే" అని పక్కవాళ్ళకి చెప్పుకునేవారు. నిజం నిలకడ మీద తెలుస్తుంది అనేది ఆయన నోట ఊతపదం. నిలకడగా ఎదురుచూసి, అది ఊరికి తెలియకముందే పోయాడు.

ఆ తరవాత తల్లి పెద్ద కూతురి దగ్గరే ఉండిపోయింది. పెద్ద కూతురికి పెళ్ళయింది గానీ నిలవలేదు. ఇద్దరాడవాళ్ళూ మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో సర్దుకున్నారు. తల్లికి చూపు మందగించింది. మనుషుల్ని అడుగుల చప్పుడుతో, గొంతుతో పోల్చుకునేది. రోజంతా కూతురి కబుర్లే మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని వినేది. "మీ నాన్న వింటే ఎంత మురిసిపోయేవాడో" అనేది. అంతలోనే, "ఆ మనిషి మంచితనం మండిపోనూ" అనేది.

రేడియో స్టేషన్‌లో ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి ఒక కుర్రవాడు చేరాడు. మాటకారి. ఆమెని అక్కయ్యా అనేవాడు, ఆమె తమ్ముడూ అనేది. అందరి నోటా అతనికి అదే పేరయిపోయింది. రేడియో వినేవాళ్ళు తగ్గిపోయే రోజులు రాబోతున్నాయని తమ్ముడు ముందే కనిపెట్టాడు. టైర్ల దుకాణం పైన ఒక గది తీసుకుని, గోడలకి పాత దుప్పట్లు కట్టి, ఫోన్లలో చూసే చానల్ మొదలుపెట్టాడు. "మీరు లేకపోతే అది చానలే కాదు అక్కయ్యా" అన్నాడు. ఆమె వెళ్ళింది. చానల్‌కి ఆమె పేరే పెట్టాడు. గొంతు ఆమెది, బొమ్మలు అతనివి. కొద్దికాలంలోనే ఊరు దాటి, భాష తెలిసిన ప్రతిచోటికీ ఆ గొంతు పాకింది.

ఒకరోజు టీ తాగుతూ తమ్ముడు అడిగాడు. "అక్కయ్యా, మన ఊళ్ళోనే అంత పెద్ద కథుంది. కాలిపోయిన సినిమా హాలు. హాలంతా తగలబడుతున్నా మెషీను దానంతటదే తిరుగుతూనే ఉందట. అది పెడితే జనం విరగబడి చూస్తారు. ఎందుకు వద్దంటారు?"

అతన్ని సొంత మనిషి అనుకుంది కాబట్టి ఆమె మొత్తం చెప్పింది. తాళాలు, ఇనపకడ్డీ, తండ్రి అరచేతులు, గేటు మనిషి. మెషీను దానంతటదే తిరగలేదనీ, తండ్రే ఆపాడనీ చెప్పింది. తమ్ముడు తలవంచుకుని విన్నాడు. "సారీ అక్కయ్యా, ఇంకెప్పుడూ ఆ మాటెత్తను" అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

ఆ ఏడాదే ఆమెకి గొంతు కింద గడ్డ లేచింది. గడ్డ నరాన్ని చుట్టుకుని ఉంది, తియ్యక తప్పదంది డాక్టరమ్మ. ఆపరేషన్ తరవాత కొన్ని నెలలు పెదవి విప్పకూడదంది. గొంతు ఎంతవరకూ తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనంది.

ఆసుపత్రికి వెళ్ళేముందు తమ్ముడు ఆమెని స్టూడియోలో కూర్చోబెట్టి గంటల తరబడి ఏవేవో చదివించాడు. వాటినీ పాత కబుర్లనీ కలిపి కంప్యూటరు మిషన్‌కి నేర్పిస్తే అది ఆమెలాగే మాట్లాడుతుందట. "మీరు కోలుకునేదాకానే అక్కయ్యా. చానల్ ఆగిపోతే జనం మరిచిపోతారు. రాసేది మీరే, చదివేది మాత్రం అది." ఆమెకీ అది బాగానే ఉందనిపించింది. ఇన్నాళ్ళూ ఇలాంటి వింతలే గదా తను చెప్పింది. సరేనంది.

ఆపరేషన్ అయ్యాక ఆమె ఇంట్లో పలకా బలపమూ పట్టుకుని తిరిగింది. తల్లికి కనిపించేలా గుమ్మడికాయంత అక్షరాలు రాసేది. తల్లి పలకని ముక్కుకి ఆనించుకుని చదువుకునేది. మంచినీళ్ళు కావాలా. మందు వేసుకున్నావా. సంభాషణ అంతే. కానీ ఫోన్‌లో మాత్రం వారం వారం కొత్త కబుర్లు వస్తూనే ఉన్నాయి. అదే గొంతు, అదే నవ్వు, అసలు సంగతి చెప్పబోయే ముందు ఆమె ఆగే అదే చిన్న ఆగుడు.

తల్లి మొదట్లో ఆశ్చర్యపోయింది. తరవాత వేళాకోళమాడింది. "లోకానికి ఇవ్వడానికి నీ దగ్గర బోలెడు గొంతుంది. నాకేమో పలక ముక్క."

కూతురు నవ్వి ఊరుకుంది. ముసలావిడకి మిషన్ సంగతి పలక మీద రాసి ఒప్పించడం అయ్యే పనేనా? పైగా ఆ గొంతు విన్నంతసేపూ తల్లి మొహం వెలిగిపోయేది. ఆ కాస్త సంతోషం చెడగొట్టడం ఎందుకనుకుంది. అంతకంటే లోతుగా ఇంకో సంగతి ఉంది. అది తన గొంతు కాదని పైకి ఒప్పుకుంటే, తనకి గొంతు లేదని ఒప్పుకున్నట్టే.

నెలలు గడిచాయి. కట్టు విప్పి నోరు తెరిస్తే వచ్చింది గొంతు కాదు, తుప్పు పట్టిన తలుపు చప్పుడు. ఇంకొన్నాళ్ళు చూద్దామంది డాక్టరమ్మ. ఈలోపు తమ్ముడు కబుర్లు రాసి పంపమని అడగడం మానేశాడు. "మీరు విశ్రాంతి తీసుకోండి, రాయడానికి మనుషుల్ని పెట్టాను" అని కబురు పంపాడు. ఆమె లోపల ముల్లు గుచ్చుకున్నట్టయింది.

ఒక ఉదయం ఆసుపత్రి వరండాలో తన వంతు కోసం కూర్చుని ఉండగా, పక్క బెంచీ మీదున్నావిడ ఫోన్‌లోంచి తన గొంతే వినిపించింది. అలవాటు కొద్దీ చెవి ఒగ్గింది.

"ఆ సాయంత్రం ఆ సినిమా హాల్లో మెషీను నడుస్తూనే ఉంది. నడిపేవాడు మాత్రం లేడు." చిన్న ఆగుడు. "ఆ ఆపరేటరు పక్క వీధిలో తాగి పడి ఉన్నాడు. లోపల జనం కాలిపోతుంటే తెరమీద హీరో పాట పాడుతూనే ఉన్నాడు." మళ్ళీ చిన్న నవ్వు, విషాదం కలిసిన నవ్వు. ఎన్నో ఏళ్ళు సాధన చేస్తే గానీ రాని నవ్వది. "ఇప్పటికీ ఆ మొండిగోడల దగ్గరికి వెళితే మెషీను చప్పుడు వినిపిస్తుందంటారు."

ఆమె లేచి నిలబడింది. కాదు అని అరిచింది. అరుపు రాలేదు. గాలి మాత్రం వచ్చింది. పక్కావిడ తలెత్తి చూసి, "ఏం కావాలమ్మా? ఊపిరాడట్లేదా?" అంది జాలిగా.

డాక్టరమ్మని చూడకుండానే ఇంటికి పరుగెత్తింది. తల్లి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఫోను దూరంగా నేలమీద బోర్లా పడి ఉంది. ఎప్పుడూ అంత దూరం పెట్టదు.

"అమ్మా" అంది గరగరగా.

"నీ తండ్రి తాగాడా?" అంది తల్లి. "చెప్పు. నాకు తెలియకుండా నీకెప్పుడు తెలిసింది?"

"నేను చెప్పలేదమ్మా. అది నా గొంతు కాదు."

"నీ గొంతు నాకు తెలీదా? నా కడుపున పుట్టిన గొంతు. ఊళ్ళోవాళ్ళు అన్నప్పుడు పళ్ళు బిగించుకున్నాను. నీ నోటితో కూడా వినాల్సొచ్చింది."

కూతురు మిషన్ గురించి చెప్పబోయింది. ఆయాసం వచ్చింది. మాటలు ముక్కలు ముక్కలుగా పడ్డాయి. పలక అందుకుని రాసింది. తల్లి పలకని ముట్టుకోలేదు. "రాయడానికీ నువ్వే, చెప్పడానికీ నువ్వే" అని గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నానికి పక్కింటివాళ్ళ చేత చిన్న కూతురికి ఫోన్ చేయించుకుని, బట్టల సంచీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

అక్కయ్య తిన్నగా టైర్ల దుకాణం మీది గదికి వెళ్ళింది. తమ్ముడు ఎదురొచ్చి కుర్చీ వేశాడు. తప్పు చేసినవాడిలా లేడు.

"ఎందుకు చేశావు?" అంది.

"అక్కయ్యా, ముందు మంచినీళ్ళు తాగండి. మీరు బాధపడతారని తెలుసు. కానీ మీరు చెప్పింది కూతురి మాట. నేను విచారణ రిపోర్టు చూశాను. ఆ గేటు మనిషి ఇంకా బతికే ఉన్నాడు, వెళ్ళి కలిశాను. రెండూ ఒకటే చెప్పాయి. రెండు చోట్ల చూడమని నేర్పింది మీరే గదా?"

చెంప ఛెళ్ళుమనిపించినా ఆమెకి అంత దెబ్బ తగిలేది కాదు.

"నా నోటితో మా నాన్నని తిట్టించావు. చెప్పాలనుకుంటే నీ గొంతుతో చెప్పుకోవాల్సింది."

"నా గొంతు ఎవరు వింటారక్కయ్యా?" అన్నాడు. ఆ మాట మాత్రం నిజాయితీగానే అన్నాడు.

తీసేయమంది. తీసేశాడు. అప్పటికే దాన్ని వేరేవాళ్ళు కోసుకుని, ముక్కలు చేసుకుని, తమ చానళ్ళలో పెట్టుకున్నారు. ఒకచోట ఆర్పితే పదిచోట్ల అంటుకుంది. తమ్ముడు తల గోక్కుంటూ ఉపాయం చెప్పాడు. "రెండో భాగం పెడదాం. 'హాలు కాలిన రోజు అసలేం జరిగింది' అని. మీరు రాసివ్వండి, మీ గొంతుతోనే చెప్పిద్దాం. మొదటిదాని కంటే ఎక్కువ చూస్తారు."

"ఆ మిషన్ నోట మా నాన్న పేరు మళ్ళీ రాకూడదు. నేనే చెబుతాను. ఇప్పుడున్న గొంతుతో."

అంతకంటే ముందు గేటు మనిషి దగ్గరికి వెళ్ళింది. ఆయన కొడుకు పంచన, మెట్ల కిందున్న చిన్న గదిలో ఉంటున్నాడు. పళ్ళు లేవు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తను ఫలానా ఆపరేటరు పెద్ద కూతురినని చెబితే, దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాడు.

"బాబాయ్, తాళంచెవులు నీ దగ్గరే ఉన్నాయి. నాకు తెలుసు, నీకు తెలుసు. ఊరికి చెప్పక్కర్లేదు. మా అమ్మ ఒక్కదానికి వచ్చి చెప్పు."

ముసలాయన ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు.

"ఆ రోజుల్లో భయపడి ఏదో చెప్పానమ్మాయ్. ఓనరు చెప్పమన్నాడు, చెప్పాను. చాలాకాలం నిద్రపట్టేది కాదు. కానీ మొన్న మన కబుర్లక్కయ్య చెప్పింది విన్నావా? ఆ తల్లి అబద్ధం చెప్పదు. కుక్క విషయంలో కూడా తప్పయితే తప్పని ఒప్పుకున్న మనిషి. ఆవిడ గూడా మీ నాన్న లేడనే చెప్పింది. అంటే నేను చెప్పిందే నిజమేమో. తలుపులు తెరిచే ఉన్నాయేమో. ఇన్నాళ్ళకి కాస్త మనసు కుదుటపడింది."

"ఆ అక్కయ్యని నేనే బాబాయ్."

ఆయన నవ్వాడు. నొప్పించకూడదని నవ్వే నవ్వు. "ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో అమ్మాయ్. గొంతు బాగా పాడైపోయినట్టుంది" అన్నాడు.

ఆమె గదిలోంచి వీధిలోకొచ్చి, ఒక మూసిన షట్టరుకి ఆనుకుని నిలబడిపోయింది. తండ్రి ఆ మనిషిని కాపాడటానికి నోరు మూసుకున్నాడు. కూతురి గొంతు ఆ మనిషికి మిగిలిన కాస్త సిగ్గుని కూడా తుడిచి పెట్టింది.

అయినా స్టూడియోకి వెళ్ళింది. దుప్పట్లు కట్టిన గదిలో పాత కుర్చీలోనే కూర్చుంది. మధ్య మధ్య నీళ్ళు తాగుతూ, ఆగుతూ, దగ్గుతూ, జరిగింది జరిగినట్టు చెప్పింది. మొదటి కబురు చెప్పింది తను కాదనీ, మిషన్ అనీ చెప్పింది. తండ్రి అరచేతుల గురించి చెప్పేచోట గొంతు పూర్తిగా మూసుకుపోతే, ఆ ఖాళీని కొయ్యవద్దంది. తమ్ముడు కొయ్యలేదు. పెట్టాడు.

జనం రాసిన జవాబులు ఆమె ఒక్కొక్కటే చదివింది.

ఈ కాకి ఎవర్రా బాబూ, అని ఒకరు. మా అక్కయ్య గొంతు మాకు తెలీదా, ఎవరినో కూర్చోబెట్టి నాటకాలా, అని ఒకరు. ఆ ఆపరేటరు చుట్టాలెవరో చేయించిన పని ఇది, అని ఇంకొకరు. నిప్పు లేనిదే పొగ రాదు, అని చాలామంది. ఆ సామెత ఎక్కడ వాడుతున్నారో వాళ్ళకి తట్టినట్టు లేదు. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. చాలా కొద్దిమంది. వాళ్ళు నమస్కారం పెట్టి ఊరుకున్నారు. ఊరుకునేవాళ్ళ మాట ఎంతదూరం పోతుంది?

"అక్కయ్య కావాలి, అక్కయ్య ఎక్కడ" అన్న గోల మాత్రం చాలా దూరం పోయింది. తరవాతి వారం తమ్ముడు సముద్రాల అడుగున దొరికిన పాత ఓడల గురించి కబురు పెట్టాడు. పాత గొంతుతో. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆమె గట్టిగా అభ్యంతరం చెప్పాక, ఆ గొంతుని పిసరంత సన్నం చేసి, చానల్ పేరు మార్చి, కొత్త అమ్మాయి అన్నాడు. వింటే ఎవరిదో తెలిసిపోయేది. తనదేనని రుజువు చెయ్యడం మాత్రం కుదిరేది కాదు. కలిసిన వకీలు కూడా, "గొంతు మీదని చూపించాలంటే మీరు ఒకసారి అలా మాట్లాడి వినిపించాలి గదమ్మా" అన్నాడు. వెటకారంగా కాదు. నిజంగానే సందేహం వచ్చి అడిగాడు.

తల్లిని ఒప్పించడానికి చెల్లెలు ఒక పని చేసింది. ఒకరోజు అక్కని ఇంటికి పిలిపించి, ముగ్గురూ కూర్చున్నాక, తన ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి నొక్కింది. అలాంటి మిషన్లు అప్పటికి అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. అక్క పాత కబురొకటి దానికి వినిపిస్తే చాలు.

"అమ్మా, భోంచేశావా? మోకాళ్ళ నొప్పి తగ్గిందా?" అంది ఫోను. నిండుగా, తేటగా, నవ్వుతూ.

తల్లి ఒక్కసారిగా అటు తిరిగింది. చెయ్యి చాచింది. చెయ్యి ఫోనుకి తగలగానే వెనక్కి తీసుకుంది.

"ఇది మిషనమ్మా" అంది చెల్లెలు. "అక్క ఇదిగో, ఇక్కడ కూర్చుంది. నోరు కూడా మెదపలేదు. ఆ రోజు నాన్న గురించి చెప్పింది కూడా ఇదే. ఇప్పుడైనా నమ్ముతావా?"

తల్లి పెద్ద కూతురు ఉన్నవైపు మొహం తిప్పింది.

"అయితే ఆ నెలలన్నీ నాకు కబుర్లు చెప్పింది నువ్వు కాదన్నమాట."

"కాదమ్మా."

"నేను దాంతో నవ్వుకున్నాను. దానికి దిష్టి తగలకూడదనుకున్నాను. నువ్వు పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నావు. ఇది నేను కాదమ్మా అని ఒక్క ముక్క రాసి చూపించలేకపోయావా?"

చెల్లెలు ఫోను ఆపేసింది.

"నీకు నేనూ ఆ జనంలో ఒకదాన్నే" అంది తల్లి. కోపంగా కూడా అనలేదు.

చెల్లెలు ఇల్లు ఇరుకు, అల్లుడికి చిరాకు. కొన్నాళ్ళకి తల్లి బట్టల సంచీతో తిరిగొచ్చింది. మూడో అంతస్తు మెట్లెక్కి, అలుపు తీర్చుకుని, మంచం మీద కూర్చుంది. కూతురు కంచం తెచ్చి ఇస్తే, ముద్ద కలుపుతూ అంది.

"నువ్వు చెప్పలేదనే అనుకుంటాను. అలా అనుకోకపోతే నీ చేతి ముద్ద గొంతు దిగదు గదా."

కూతురు సరేనంది. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు తనకి లేదనిపించింది.

గొంతు ఇక బాగుపడదని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. అక్కయ్య ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. అద్దాలు మార్చి మార్చి పెట్టి, చార్టు మీద అక్షరం చూపించి, కనిపిస్తోందా అన్నట్టు తలాడిస్తుంది. మాటతో పెద్దగా పనిలేని ఉద్యోగం. వచ్చినవాళ్ళు వంతు కోసం కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. రోజులో ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక ఫోనులోంచి, ఆ గొంతు మొదలవుతుంది. రాజుల కబుర్లు, రాకెట్ల కబుర్లు, సినిమా కబుర్లు. అందులో సగానికి సగం అబద్ధాలని ఆమెకి తెలుసు. మొదట్లో లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఇప్పుడు వెళ్ళడం లేదు. అద్దాలు తుడుచుకుంటూ నిలబడుతుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి తాళం తీస్తుంది. చీకటి గదిలోంచి తల్లి, "ఎవరూ?" అంటుంది.

"నేనేనమ్మా."

తల్లి వెంటనే పలకదు. ఆ గరగర ఎవరిదో పోల్చుకోవడానికి ఆమెకి ఇప్పటికీ కాస్త సమయం పడుతుంది.

"ఓ, నువ్వా" అంటుంది.